జబ్బలో నిలిపిన సన్నెముక

మహబూబాబాద్, జనగామ పల్లెల్లో తాటిచెట్టు మీంచి జారిపడ్డ గీత కార్మికుల్లో కొందరికి నడుము, కాళ్లతో పాటు భుజం కూడా విరుగుతుంది. మోకు విసరాలన్నా, గెల గీయాలన్నా చెయ్యి తలపైకి లేవాల్సిందే. భుజం పోతే వృత్తి పోయినట్టే.

జబ్బ ఎముక పైకొస గుండ్రటి తల. గట్టి దెబ్బకు ఆ తల, కండరాలు అతుక్కునే రెండు గుబ్బలు, కింది కాడ వేటికవి విడిపోతాయి. బయటివైపు ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. అయితే చంకవైపు ఎముక నుజ్జయితే ప్లేటు ఒక్కటే ఆపలేదు. తల లోపలికి ఒరుగుతుంది, స్క్రూల మొనలు కీలులోకి పొడుచుకొస్తాయి.

పోయిన ఎముక చోట ఎముకనే పెట్టడం 1880 నాటికే జరిగింది. చీముపట్టి జబ్బ ఎముక చాలావరకు పోయిన ఓ చిన్న పిల్లవాడికి గ్లాస్గో సర్జన్ విలియం మెక్‌ఈవెన్ వైద్యం చేశాడు. దొడ్డికాళ్ల పిల్లలకు ఆపరేషన్ చేసేటప్పుడు కోసి తీసిన ముక్కల్ని ఆ చేతిలో పేర్చాడు. పారేయాల్సిన ముక్కలవి! అతుక్కున్నాయి, చెయ్యి పనికొచ్చింది. 1881లో ఆ సంగతి ప్రచురించాడు.

ఎలా అతుక్కుంటుందన్నది నాకు ఎప్పటికీ తీరని అబ్బురం. పెట్టిన ముక్కలోకి రక్తనాళాలు పాకుతాయి. కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తూ పోతుంటే, వెనకే మరికొన్ని కొత్త ఎముకను పోస్తూ వస్తాయి. 1965లో మార్షల్ యూరిస్ట్ ఖనిజాలు తీసేసిన ఎముకను జంతువుల కండరంలో పెడితే అక్కడా ఎముక పుట్టింది. ఎముకలోని ప్రోటీన్లకే ఆ శక్తి ఉందని తర్వాత తేలింది.

భుజానికి కావలసిన ఊతాన్ని 2008లో న్యూయార్క్ సర్జన్ల గార్డ్‌నర్ బృందం వివరించింది. దాత కాలి సన్నెముక ముక్కను జబ్బ ఎముక గొట్టంలోకి దించి, చంకవైపు నెట్టి, తల కింద నిట్టాడిలా నిలిపారు. ప్లేటు స్క్రూలు దానిలోంచే పోతాయి.

దాత ఎముక దొరకనిచోట రోగి తుంటి అంచు నుంచో, కాలి నుంచో తీసుకుంటారు. సన్నెముక ఒంటి బరువులో కొద్దిపాలే మోస్తుంది గనుక నడిమి భాగం ఇవ్వగలదు. చీలమండ దగ్గరి కొసను మాత్రం ముట్టుకోరు. సొంత ఎముకలో బతికున్న కణాలుంటాయి, నిజమే. కానీ దానికోసం ఇంకో గాయం చేయాలి.

ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో 1988 నుంచి టిష్యూ బ్యాంకు ఉంది. దాతల ఎముకను అక్కడ గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. తుంటి కీలు మార్చేటప్పుడు తీసేసే తొడ ఎముక తలల్ని కూడా పరీక్షించి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచి, లోటు పూడ్చడానికి వాడతారు. మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అలాంటి ఫ్రీజర్ ఒకటి ఆ దాపున ఉండాలన్నది నా కోరిక.