లోడర్ రాడ్డు ఎందుకు వంగుతుంది? ఎలా బాగుచేయాలి?

దిబ్బలోని పెంట ఎత్తి ట్రక్కులో పోసినంతసేపూ లోడర్ బాగానే పనిచేసింది. చివర్లో నేల చదును చేద్దామని బకెట్‌ను పూర్తిగా కిందికి వంచి, ట్రాక్టర్‌ను వెనక్కి నడిపారు. మట్టిలో కూరుకుపోయిన చెట్టు మొద్దు బకెట్ అంచుకు తగిలింది. దిగి చూస్తే బకెట్‌ను తిప్పే రెండు సిలిండర్లలో ఒకదాని రాడ్డు విల్లులా వంగి ఉంది.

సమ్మెటతో రెండు దెబ్బలు వేస్తే సాపవుతుందా? గ్యాస్ మంటతో కాల్చి తీయొచ్చా? కొత్త సిలిండరే కొనాలా? అప్పుడు ఎవరికైనా వచ్చే సందేహాలు ఇవే.

వంపు తీయడం అసాధ్యమేమీ కాదు. అయితే రాడ్డు రెండు పనులు చేస్తుందని ముందు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, గుంజలా బరువు మోయడం. రెండోది, అద్దంలాంటి నునుపుతో సీల్ మధ్య జారుతూ ఆయిల్‌ను బయటికి రానీయకపోవడం. వంగిన గుంజను నిలబెట్టవచ్చు. చిట్లిన అద్దం మాత్రం అతకదు. అందుకే రాడ్డును బాగుచేయించాలా, మార్చాలా అన్నది వంపును చూసి మాత్రమే కాదు, పైపొరను కూడా చూసి తేల్చుకోవాలి.

అంత లావు ఉక్కు రాడ్డు ఎందుకు వంగుతుంది?

కొబ్బరి ఈనెను జానెడు పొడవున విరిచి రెండు కొసల మీదా వేళ్లతో నొక్కండి. చటుక్కున పక్కకు వంగుతుంది. అదే ఈనెను అంగుళం ముక్క చేసి నొక్కితే గట్టిగా నిలబడుతుంది. ఈనె మారలేదు, పొడవు మాత్రమే మారింది. నిలువుగా నొక్కిన కడ్డీ ఎంత బరువు దగ్గర పక్కకు లొంగిపోతుందో లెక్కగట్టే సూత్రాన్ని స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణితవేత్త ఆయిలర్ 1744లో ప్రచురించాడు. దాని ప్రకారం పొడవు రెట్టింపైతే తట్టుకునే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. మందం కొంచెం తగ్గినా బలం బాగా తగ్గుతుంది. 40 మి.మీ. రాడ్డు బదులు 36 మి.మీ. రాడ్డు వేస్తే బలంలో మూడో వంతు పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సిలిండర్ లోపలి వ్యాసం 63 మి.మీ., రాడ్డు 40 మి.మీ., పూర్తిగా బయటికి వచ్చినప్పుడు పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 1,200 మి.మీ. అనుకుందాం. ఆ పొడవంతా రాడ్డే ఉన్నట్టు లెక్కేస్తే అది లొంగడానికి సుమారు 17.6 టన్నుల బలం కావాలి. పంపు 180 బార్ ఒత్తిడి ఇస్తే సిలిండర్ నెట్టే బలం 5.7 టన్నులు మాత్రమే. అంటే చక్కగా ఉన్న రాడ్డును పంపు వంచలేదు. వంచే బలం బయటి నుంచి రావాలి.

లోడర్‌తో కలిపి 3,500 కిలోల ట్రాక్టర్ గంటకు 8 కి.మీ. వేగంతో పోతూ, అడ్డం తగిలి 10 సెం.మీ. లోపు ఆగిపోతే బకెట్ అంచు మీద సగటున 8.8 టన్నుల బలం పడుతుంది. బకెట్ తిరిగే పిన్ను నుంచి అంచు 60 సెం.మీ. దూరంలో, సిలిండర్ 20 సెం.మీ. దూరంలో ఉంటే, గడ్డపార మీట వేసినట్టే బలం మూడు రెట్లవుతుంది. అది సుమారు 26 టన్నులు. రెండు సిలిండర్లూ సమంగా పంచుకుంటే ఒక్కోదానికి 13 టన్నులు వస్తుంది, రెండూ తట్టుకుంటాయి. మొద్దు బకెట్ మూలకు తగిలితే భారంలో ఎక్కువ భాగం ఆ వైపు సిలిండర్‌దే అవుతుంది. ఒకవైపు రాడ్డు వంగి, రెండోది చెక్కుచెదరకుండా ఉండేది ఇందుకే.

లోపల ఉన్నది ఆయిలే కదా, అది పక్కకు తప్పుకోదా?

లివర్ వదిలేయగానే వాల్వు మూసుకుంటుంది. ఆయిల్‌కు పోయే దారి ఉండదు. 150 బార్ ఒత్తిడి పెట్టినా అది తన పరిమాణంలో సుమారు ఒక్క శాతమే తగ్గుతుంది. ఆ సమయంలో సిలిండర్ ఇనుప దిమ్మెతో సమానం. ఆయిల్ తప్పుకోదు, తన పని ఒత్తిడికి కొన్ని రెట్లు తట్టుకునేలా తయారైన హోస్ పైపు అంత తొందరగా పగలదు. చివరికి లొంగేది రాడ్డే. కొన్ని లోడర్లలో ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ఆయిల్‌ను ట్యాంకుకు వదిలే రిలీఫ్ వాల్వు ఆ లైనులోనే ఉంటుంది. మీ లోడర్‌లో ఉందో లేదో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

బకెట్ వంచి వెనక్కి లాగినప్పుడే ఈ ప్రమాదం ఎందుకంటే, బకెట్‌ను పూర్తిగా వంచాలంటే రాడ్డు పూర్తిగా బయటికి రావాలి. అంటే అది అతి పొడవుగా, అతి బలహీనంగా ఉండే స్థితి. వెనక్కి లాగుతుంటే నేల బకెట్ అంచును ముందుకు నెడుతుంది. బకెట్ పైభాగం వెనక్కి వచ్చి రాడ్డును సూటిగా నొక్కుతుంది. వంచిన బకెట్‌ను నేలకు అదిమి ట్రాక్టర్ ముందు చక్రాలు పైకి లేపినా రాడ్డు మీద ఇదే నొక్కుడు పడుతుంది.

విప్పే ముందు ఏం జాగ్రత్త పడాలి?

వంగిన రాడ్డును లివర్‌తో బలవంతంగా లోపలికి లాగకండి. వంకర భాగం సిలిండర్ మూతికి ఉన్న గ్లాండ్‌లోకి దూరితే సీల్ చిరిగి, బుష్ గోక్కుపోతుంది. లోపల పిస్టన్ ఒరిగి బ్యారెల్ (సిలిండర్ గొట్టం) గోడను గీస్తుంది. ఒక్క రాడ్డుతో పోయేది మూడు భాగాలకు పాకుతుంది.

బకెట్ నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, లివర్లను అటూ ఇటూ కొన్నిసార్లు కదిపితే పైపుల్లో మిగిలిన ఒత్తిడి దిగుతుంది. ఆర్ములు ఎత్తి ఉంటే కింద గట్టి దన్ను పెట్టకుండా ఎవరూ దూరకూడదు.

ఆయిల్ కారే చోటును చేత్తో తడమకండి. సూదిమొనంత రంధ్రం నుంచి ఒత్తిడితో వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న పోటులా కనబడుతుంది, మొదట్లో పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. కానీ లోపల కండ పాడై వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలా జరిగితే మరునాటిదాకా ఆగకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. లీకేజీ చూడాలంటే అట్టముక్క అడ్డం పెడితే చాలు.

సిలిండర్‌ను ఎలా విప్పాలి?

ఏ హోస్ ఎక్కడిదో గుర్తులు పెట్టి విప్పి, కొసలకు మూతలు బిగించండి. ఇసుక రేణువు లోపలికి పోయినా కొత్త సీల్‌ను తినేస్తుంది. పిన్నులు తీసి సిలిండర్‌ను బల్ల మీదికి చేర్చాక, బ్యారెల్ మూతికి ఉన్న గ్లాండ్‌ను విప్పాలి. కొన్నిటికి మరలు ఉంటాయి, కొన్నిటికి బోల్టులు, కొన్నిటికి లోపల తీగ రింగు. గాలి ఒత్తిడి పెట్టి రాడ్డును బయటికి తోయడం ప్రాణాంతకం. అది తూటాలా దూసుకొస్తుంది.

రాడ్డు బయటి కొసకు పిన్ను పట్టే కన్ను వెల్డింగ్ చేసి ఉంటుంది కాబట్టి గ్లాండ్ అటువైపు నుంచి రాదు. రెండో కొసన పిస్టన్ నట్టు విప్పి, పిస్టన్ తీసి, అటునుంచే గ్లాండ్‌ను జారవిడవాలి.

వంపు ఎంతుందో ఎలా తెలుసుకోవాలి?

కంటికి మంచి చూపున్నా ఇక్కడ కొలతే ఆధారం. లేత్ షాపులో రాడ్డును రెండు వీ-బ్లాకుల మీద ఉంచి, మధ్యలో డయల్ గేజ్ ఆనించి నెమ్మదిగా తిప్పుతారు. ముల్లు మొత్తం కదిలిన దూరంలో సగమే అసలు వంపు. 4 మి.మీ. కదిలితే వంపు 2 మి.మీ. అన్నమాట. ఎత్తుగా వచ్చిన చోట సుద్దతో గుర్తు పెడతారు. కొత్త క్రోమ్ రాడ్లలో వంపు సాధారణంగా మీటరుకు 0.2 మి.మీ. దగ్గర ఉంటుంది. మన గురి కూడా దానికి దగ్గరగా ఉండాలి.

తర్వాత పైపొర చూడాలి. రాడ్డు మీది హార్డ్ క్రోమ్ పూత సాధారణంగా 20 నుంచి 30 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అది చాలా గట్టిది, అందుకే పెళుసు కూడా. ఉక్కు వంగి సాగుతుంది కానీ క్రోమ్ సాగలేక చిట్లుతుంది. వంపు బయటి వైపున గోటితో నెమ్మదిగా గీయండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ సీల్ కూడా తట్టుకుంటుంది. పొర లేచినట్టు కనిపిస్తే ఆ రాడ్డు మీద ఇక ఖర్చు పెట్టకండి. కన్ను వెల్డింగ్ దగ్గర, మరల మొదట్లో ఎర్ర రంగు ద్రవం చల్లి, తుడిచి, తెల్ల పొడి చల్లే డై పెనెట్రెంట్ పరీక్ష చేయిస్తే కంటికి కనబడని పగులు ఎర్ర గీతగా బయటపడుతుంది.

ప్రెస్సు మీద ఎలా తీస్తారు? మంట ఎందుకు పనికిరాదు?

సాఫీగా, విల్లులా వచ్చిన చిన్న వంపును హైడ్రాలిక్ ప్రెస్సు మీద చల్లగానే తీస్తారు. రాడ్డు కింద రెండు చోట్ల, పైన నొక్కే చోట ఇత్తడి లేదా రాగి దిమ్మెలు పెడతారు, క్రోమ్ మీద నొక్కు పడకుండా. సుద్ద గుర్తు పైకి వచ్చేలా ఉంచి నొక్కుతారు. సున్నాకు తెచ్చి వదిలితే ఉక్కు మళ్లీ కొంత వెనక్కి వస్తుంది. కాబట్టి ఎదురు దిక్కుకు కొంచెం దాటించాలి. ఎంత దాటించాలో ఒక్కసారిగా తెలియదు. కొంచెం నొక్కడం, వదలడం, కొలవడం, మళ్లీ నొక్కడం. ఓపికతో చేయాల్సిన పని ఇది. తొందరపడి ఎక్కువ నొక్కితే రెండో వైపు వంగుతుంది. అటూ ఇటూ వంచిన కొద్దీ ఉక్కు అలసి పగులుకు దగ్గరవుతుంది.

సమ్మెట దెబ్బకు క్రోమ్ ఎగిరిపోతుంది. మంట పెడితే చాలా రాడ్లకు క్రోమ్ కింద ప్రత్యేకంగా గట్టిపరిచిన ఉక్కు పొర మెత్తబడుతుంది. అక్కడే మళ్లీ వంగుతుంది.

ఎప్పుడు మార్చాలి? కొత్త సిలిండర్ మొత్తం కొనాలా?

ఒకేచోట మోకాలిలా మడత పడినా, పగులు కనబడినా, క్రోమ్ చిట్లినా, ప్రెస్సు మీద గేజ్ సున్నా దగ్గరకు రాకపోయినా రాడ్డు మార్చాల్సిందే. బ్యారెల్ బాగుంటే సిలిండర్ మొత్తం కొనక్కర్లేదు. క్రోమ్ పూసిన రాడ్డు కొలతకు కోసి అమ్ముతారు. ఒక కొసను లేత్ మీద తిప్పి పిస్టన్‌కు మరలు తీసి, రెండో కొసకు పాత కన్నునే వెల్డింగ్ చేస్తారు.

ఇక్కడ మూడు విషయాలు పట్టుబట్టి చేయించుకోండి. మందం పాతదానికంటే తగ్గకూడదు. రాడ్డు ఉక్కులో కార్బన్ ఎక్కువ కాబట్టి ముందుగా వేడిచేసి, తేమ లేని 7018 రాడ్డుతో వెల్డింగ్ చేసి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. నీళ్లు చల్లితే పగులుతుంది. వెల్డింగ్ రవ్వలు క్రోమ్ మీద పడకుండా తడిగుడ్డ చుట్టాలి, గుడ్డ వెల్డింగ్ చోటుకు ఎడంగా ఉండాలి.

బిగించేటప్పుడు?

సీళ్లన్నీ కొత్తవి వేయండి. గ్లాండ్ సీల్ పెదవి ఆయిల్ వైపుకు, దుమ్ము తుడిచే వైపర్ పెదవి బయటికి చూడాలి. మరల మీదుగా సీల్ ఎక్కించేటప్పుడు టేపు చుట్టి, హైడ్రాలిక్ ఆయిల్ రాయండి. బ్యారెల్ లోపల టార్చి వేసి గీతలు చూడండి. బకెట్ పిన్నులు రెండు వైపులా సులువుగా దూరకపోతే ఆర్ము కూడా మెలిపడిందేమో కొలవాలి. బిగించాక బరువు లేకుండా పదిసార్లు నెమ్మదిగా ఆడించి, ట్యాంకులో ఆయిల్ మట్టం చూసుకోండి.

మళ్లీ వంగకుండా ఉండాలంటే?

40 మి.మీ. రాడ్డు బదులు 45 మి.మీ. రాడ్డు, దానికి తగ్గ గ్లాండ్ వేయిస్తే బలం 1.6 రెట్లవుతుంది, దానికి డబ్బు కావాలి. చదును చేసేటప్పుడు బకెట్‌ను పూర్తిగా వంచకుండా నేలకు బల్లపరుపుగా ఉంచితే రాడ్డు సగం లోపలే ఉంటుంది. మన ఉదాహరణలో పిన్నుల మధ్య దూరం 1,200 నుంచి 900 మి.మీ.కు తగ్గితే బలం దాదాపు 1.8 రెట్లు పెరుగుతుంది. వేగం సగానికి తగ్గిస్తే దెబ్బలోని శక్తి నాలుగో వంతుకు దిగుతుంది. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు, లివర్ మీద చెయ్యి, యాక్సిలరేటర్ మీద కాలు చాలు. లోడర్‌ను ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు తాళంతోపాటు ఈ రెండు మాటలూ చెప్పి ఇవ్వండి.