వ్యవసాయ పరిశోధనలో రేడియోధార్మిక సోర్సులు – అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ

తెలంగాణలోగాని, ఆంధ్రప్రదేశ్‌లోగాని నేటికి అణు విద్యుత్ కేంద్రం ఏదీ పనిచేయడం లేదు. అందువలన అణు భద్రత వరంగల్ వంటి వ్యవసాయ ప్రాంతానికి సంబంధించిన విషయం కాదని అనిపించవచ్చును. వాస్తవం ఇందుకు భిన్నంగా ఉన్నది. హైదరాబాద్‌లో 1971లో స్థాపించబడిన అణు ఇంధన సముదాయం దేశీయ భారజల రియాక్టర్లకు ఇంధనాన్ని తయారు చేస్తున్నది. వరంగల్‌కు తూర్పున, గోదావరి తీర ప్రాంతంలో, మణుగూరు సమీపాన భారజల కర్మాగారం నడుస్తున్నది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదనలో ఉన్నది. ప్రతి పట్టణంలోని ఆసుపత్రులలో ఎక్స్‌రే, సీటీ స్కాన్ యంత్రాలు ఉన్నాయి. వీటికి తోడు విత్తన ఉత్పరివర్తన ప్రజననం, నేల తేమ కొలత, ఆహార పదార్థాల వికిరణం అనే మూడు మార్గాలలో రేడియేషన్ వ్యవసాయ రంగంలోకి ప్రవేశించినది. వీటన్నింటి భద్రతను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఒక్కటే. అదే అణుశక్తి నియంత్రణ మండలి.

మండలి ఆవిర్భావం, చట్టపరమైన స్థితి

1962 అణుశక్తి చట్టం క్రింద గల అధికారాలతో 1983 నవంబరు 15న రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఈ మండలి ఏర్పడినది. దీని ప్రధాన కార్యాలయం ముంబయిలోని అణుశక్తినగర్‌లో కలదు. అణుశక్తిని ప్రోత్సహించే వ్యవస్థకే నియంత్రణ సంస్థ కూడా జవాబుదారీగా ఉండడం తగునా అన్న ప్రశ్న చాలా కాలం కొనసాగినది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2012లో సమర్పించిన నివేదికలో ఈ లోపాన్ని ఎత్తిచూపడం జరిగినది. అంతకు ముందు 2011లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన అణు భద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లు, 2014లో సభ రద్దు కావడంతో మురిగిపోయినది. 2015లో భారతదేశాన్ని సందర్శించిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమీక్షా బృందం సైతం మండలి స్వతంత్రతను చట్టంలోనే పొందుపరచాలని సూచించినది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టంలో మండలికి చట్టబద్ధ హోదా కల్పించబడినది.

పర్యవేక్షణ విధానం

అణు విద్యుత్ కేంద్రానికి అనుమతి ఒకేసారి లభించదు. స్థల ఎంపిక, నిర్మాణం, ప్రారంభ పరీక్షలు, నిర్వహణ, చివరకు కేంద్రాన్ని మూసివేసి తొలగించడం అనే ప్రతి దశకు వేర్వేరుగా సమ్మతి పొందవలసి ఉంటుంది. ఒక దశలో భద్రత రుజువైన పిదపనే తదుపరి దశకు అనుమతి లభిస్తుంది. కేంద్రాల పరిసరాలలోని పర్యావరణ పరిశీలన ప్రయోగశాలలు నీరు, నేల, పాలు, ధాన్యం, కూరగాయలు, చేపల నమూనాలను క్రమం తప్పక పరీక్షిస్తాయి.

వ్యవసాయదారులకు ఈ పరీక్షల ప్రాధాన్యం ఎక్కువ. సీజియం రసాయనికంగా పొటాషియంను పోలి ఉండడం వలన మొక్కల వేర్లు దానిని కూడా గ్రహిస్తాయి. స్ట్రాన్షియం కాల్షియంను పోలి ఉండి పాలలోకి, ఎముకలలోకి చేరుతుంది. 2011 ఫుకుషిమా ప్రమాదం తరువాత జపాన్‌లో వరి పొలాలకు పొటాష్ ఎరువు అదనంగా వేసి, గింజలోకి సీజియం చేరడాన్ని తగ్గించగలిగారు.

రేడియేషన్‌తో పనిచేసే సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులకు మించకుండా మండలి పరిమితి విధించినది. సాధారణ ప్రజలకు ఈ పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. ప్రకృతి సహజంగా మానవునికి సోకే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ప్రజలకు విధించిన పరిమితి ఈ సహజ రేడియేషన్‌ను, వైద్య పరీక్షలను మినహాయించి లెక్కించబడుతుంది.

2004 నాటి రేడియేషన్ రక్షణ నియమావళి ప్రకారం ఆసుపత్రులు, పరిశ్రమలు, పరిశోధన సంస్థలు ప్రమాద తీవ్రతను బట్టి లైసెన్సు, అధికారపత్రం, నమోదు అనే మూడు అంచెలలో ఏదో ఒక సమ్మతిని పొందవలెను. అనుమతి లేనిదే సోర్సును కొనుగోలు చేయుటకు వీలు లేదు. దరఖాస్తులు, వార్షిక నివేదికలు ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా సాగుతాయి. సంస్థలో శిక్షణ పొందిన రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసరు ఉండడం, సిబ్బంది ధరించే టీఎల్‌డీ బ్యాడ్జీలను నిర్ణీత కాలవ్యవధిలో పరీక్షకు పంపడం ఇందులో భాగం.

వ్యవసాయ రంగంలో వినియోగాలు

ఉత్పరివర్తన ప్రజననంలో విత్తనాలను గామా కిరణాలకు గురిచేసి, తదుపరి తరాలలో మేలైన లక్షణాలు గల మొక్కలను ఎంపిక చేస్తారు. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన టీఏజీ-24 వేరుశనగ రకం ఈ మార్గంలో వచ్చినదే. గామా ఛాంబరులో ఉండే కోబాల్టు-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. అనగా ప్రారంభంలో 6 నిమిషాలలో విత్తనాలకు అందిన మోతాదు, దాదాపు పదిన్నర ఏళ్ల తరువాత అందుటకు 24 నిమిషాలు పట్టును.

నేల తేమను కొలిచే న్యూట్రాన్ ప్రోబులో అమెరీషియం-బెరీలియం సోర్సు ఉంటుంది. వేగంగా వెలువడే న్యూట్రాన్లు నీటిలోని హైడ్రోజన్‌ను ఢీకొని నెమ్మదిస్తాయి. అట్లు నెమ్మదించిన న్యూట్రాన్ల సంఖ్యను బట్టి తేమ శాతం తెలుస్తుంది. అమెరీషియం-241 అర్ధాయువు సుమారు 432 సంవత్సరాలు. పరికరంలోని ఎలక్ట్రానిక్ భాగాలు పదిహేను, ఇరవై ఏళ్లకు పాడైనను లోపలి సోర్సు శక్తి తగ్గినట్లు కాదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరే మిరప వంటి సుగంధ ద్రవ్యాలలో సూక్ష్మజీవులను నిర్మూలించుటకు 6 నుండి 14 కిలోగ్రేల మోతాదు నిర్దేశించబడినది. ఇట్టి వికిరణ కేంద్రాలకు మండలి లైసెన్సు తప్పనిసరి. కోబాల్టు-60 గామా కిరణాల శక్తి పరమాణు కేంద్రకాలను రేడియోధార్మికంగా మార్చుటకు చాలదు. కనుక వికిరణం చేసిన మిరపలో రేడియోధార్మికత మిగలదు. ప్యాకెట్టుపై రాడురా చిహ్నం ముద్రించడం వినియోగదారునికి ఆ విషయం తెలియజేయుటకే.

మాయాపురి నేర్పిన పాఠం

ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగం 1968లో కెనడా నుండి కొనుగోలు చేసిన గామా సెల్‌ను 1985 తరువాత ఉపయోగించలేదు. 2010 ఫిబ్రవరిలో దానిని పాత సామగ్రితో పాటు వేలం వేయడం జరిగినది. మాయాపురి తుక్కు దుకాణాలలో పనివారు సీసపు కవచాన్ని విప్పి, కోబాల్టును బయటకు తీశారు. ఏప్రిల్‌లో పలువురు తీవ్ర అస్వస్థతకు గురికాగా ఒకరు మరణించారు. పిదప మండలి ఆ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక సోర్సుల వినియోగాన్ని నిలుపుదల చేసినది.

కోబాల్టు-60 లెక్క ప్రకారం 42 సంవత్సరాలు అనగా సుమారు ఎనిమిది అర్ధాయువులు. అప్పటికి ప్రారంభ శక్తిలో దాదాపు 250వ వంతు మాత్రమే మిగిలి ఉండును. పరిశోధనకు అది పనికిరాదు. కాని కవచం తొలగిన తరువాత మనిషి ప్రాణం తీయుటకు ఆ మిగిలినది సరిపోయినది. పరిశోధకుని దృష్టిలో నిరుపయోగమైన సోర్సు భద్రత దృష్టిలో నిరపాయమైనది కాదు.

ఈ దుర్ఘటనలో సోర్సు దొంగిలించబడలేదు, యంత్రం విఫలం కాలేదు. దానిని గురించి తెలిసినవారు లేకపోయిన సమయంలో స్టోర్సు గది ఖాళీ చేయబడినది. దేశమంతటా ఉన్న ప్రతి గదిని మండలి తనిఖీదారులు ప్రతి ఏడాది చూడగలగడం సాధ్యం కాదు. అందుచేతనే నియమావళి ప్రథమ బాధ్యతను సంస్థ యాజమాన్యంపై ఉంచినది.

పరిశోధన సంస్థలు పాటించవలసినవి

ప్రతి సోర్సు పేరు, క్రమసంఖ్య, కొనుగోలు తేదీ, నాటి శక్తి, నేటి శక్తి, ఉన్న స్థలం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, ఏటా భౌతికంగా సరిచూడవలెను. శాస్త్రవేత్త బదిలీ లేక పదవీ విరమణ సమయంలో ఆ సోర్సు బాధ్యతను వ్రాతపూర్వకంగా మరొకరికి అప్పగించవలెను. సేఫ్టీ ఆఫీసరు పదవి ఖాళీ అయినచో సోర్సును వెంటనే భద్రపరచి, మరొకరిని నియమించే వరకు వినియోగం నిలిపివేయవలెను. పాత పరికరాల వేలానికి ముందు సేఫ్టీ ఆఫీసరు ధృవీకరణ లేనిదే ఏ వస్తువును స్టోర్సు దాటనీయరాదు. వినియోగం ముగిసిన సోర్సును మండలి అనుమతితో సరఫరాదారునకు లేదా అధీకృత వ్యర్థ నిర్వహణ కేంద్రానికి పంపి, రసీదును శాశ్వతంగా భద్రపరచవలెను. మూడు రెక్కల గుర్తు గల పాత పెట్టె ఏదైనా స్టోర్సులో కనిపించినచో దానిని తెరవకుండా, కదల్చకుండా, గదికి తాళం వేసి మండలికి తెలియజేయవలెను.