గాలి పొరలను కొలిచే గ్లైడర్

ఇంజన్ లేని గ్లైడర్ ఆకాశంలో ఎక్కువసేపు నిలవాలంటే, ఎండకు కాగిన నేల మీదినుంచి పైకి ఎగసే వేడిగాలి, అంటే థర్మల్, దానికి దొరకాలి. అది ఎప్పుడు పుడుతుందో, ఎంత ఎత్తుకు పోతుందో ముందుగా చెప్పడానికి ఎత్తును బట్టి మారే ఉష్ణోగ్రత, గాలిలోని తేమ ఆధారాలు.

పైకి లేచే పొడిగాలి వ్యాకోచించి కిలోమీటరుకు దాదాపు 9.8 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతూ, చుట్టూ ఉన్న గాలికన్నా వెచ్చగా ఉన్నంతవరకే పైకి సాగుతుంది. ఎత్తుతోపాటు చల్లబడవలసిన గాలి వెచ్చబడే పొర, అంటే ఉష్ణోగ్రతా విలోమం, ఎదురైతే సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. నేల దగ్గరి ఉష్ణోగ్రతకూ, ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే తుషార బిందువుకూ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు మేఘం అడుగు ఎత్తు సుమారు 125 మీటర్లుగా లెక్కిస్తారు. ఉష్ణోగ్రత 36, తుషార బిందువు 20 డిగ్రీలైతే ఆ ఎత్తు 2,000 మీటర్లు. తుషార బిందువు 24కు పెరిగితే 1,500 మీటర్లే.

ఉదాహరణకు పొన్నూరు పట్టణాన్ని తీసుకుంటే, దగ్గర్లో ఇటువంటి కొలతలు అందేది మచిలీపట్నం నుంచి. అక్కడ భారత వాతావరణ శాఖ బెలూన్‌కు రేడియోసోండ్ అనే పరికరం కట్టి వదులుతుంది. ఇటువంటి పరిశీలనల నియత వేళలు మన సమయంలో ఉదయం, సాయంత్రం 5.30 గంటలు కాగా, థర్మల్స్ బలపడేది మధ్యాహ్నం. పైగా మచిలీపట్నం తీరపట్టణం కాబట్టి, లోపలి నేల మీది గాలి తీరు ఆ కొలతల్లో కనబడకపోవచ్చు: బాపట్ల మీదుగా వచ్చే సముద్రపు గాలి పొన్నూరును చల్లబరిచిన వేళకు పడమటి పత్తి, మిరప చేల నల్లరేగడి మీద వేడిగాలి ఇంకా ఎగసిపడుతూనే ఉండవచ్చు.

ఆ వేళకు, ఆ చోటికే వెళ్లి కొలవగలగడమే గ్లైడర్ ప్రత్యేకత. ఇంజన్ వేడి లేకున్నా, సెన్సార్‌కు ఎండ తగలకుండా నీడ, ధారాళంగా గాలి ఉండాలి; గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి తాకిడి వల్లనే రీడింగు దాదాపు 0.4 డిగ్రీలు పెరగవచ్చు కాబట్టి దాన్ని తీసివేయాలి. తేమ సెన్సార్ ఆలస్యంగా స్పందిస్తుంది కనుక ఎక్కేటప్పటి, దిగేటప్పటి కొలతలను పోల్చి, ఆ తరువాతే వాటితో వాతావరణ సూచనను సరిచూడాలి.

పరికరాలతో గాలిలోకే వెళ్లి కొలవడం తెలుగు నేలకు కొత్త కాదు: 2009లో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ మేఘాలపై జరిపిన కైపీక్స్ ప్రయోగంలో హైదరాబాద్ నుంచి కూడా విమానం నడిపింది. విలోమపు పొర ఎంత బలంగా ఉందన్నది మధ్యాహ్నపు చిన్న మేఘం ఉరుముల మేఘంగా ఎదుగుతుందా లేదా అన్నదాన్నీ ప్రభావితం చేస్తుంది కనుక, సూచనను ఇలా సరిచూసి మెరుగుపరిస్తే ఆ మేలు పైలట్లతో ఆగదు. కల్లంలో మిరప ఆరబోసిన రైతుకూ అందుతుంది.