చెల్క నేలకు బెంటోనైట్: ల్యాండ్‌ఫిల్ అడుగు పొర పనితీరు

తుక్కుగూడ పరిసరాల్లో నేల తవ్వితే పైన ఎర్ర చెల్క, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న గ్రానైట్ రాయి కనిపిస్తాయి. బోరుబావుల నీరు ఎక్కువగా ఆ పగుళ్ల నుంచే వస్తుంది. ఇలాంటి నేలపై నేరుగా చెత్త పోస్తే, అందులోంచి ఊరే మురుగు ద్రవం మొరం గుండా ఆ నీటిలోకి దిగుతుంది. ఈ ద్రవాన్నే లీచేట్ అంటారు. హైదరాబాదుకు అవతలి వైపున్న జవహర్‌నగర్‌లో అడుగు పొర లేకుండానే ఏళ్ల తరబడి చెత్త పోశారు. అక్కడి లీచేట్ మల్కారం చెరువును కలుషితం చేసింది.

ఈ ప్రమాదాన్ని నివారించడానికి వేసే అడుగు పొరే లైనర్. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇందులో 1.5 మి.మీ. మందం గల హెచ్‌డీపీఈ షీటు, దాని కింద 90 సెం.మీ. బంకమట్టి లేదా సవరించిన మట్టి ఉండాల్సి ఉండేది. ఆ మట్టి పారగమ్యత సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతును మించరాదని ఆ నియమాలు నిర్దేశించాయి.

ఈ అంకె ప్రాముఖ్యాన్ని డార్సీ సూత్రంతో చూద్దాం. ప్రవాహ వేగం అంటే పారగమ్యతను జలప్రవణతతో గుణించగా వచ్చేది. లైనర్‌పై 30 సెం.మీ. లీచేట్ నిలిచిందనుకోండి. జలప్రవణత (30 + 90) ÷ 90 = 1.33. షీటును లెక్కలోకి తీసుకోకపోతే, ఏడాదికి దాదాపు 4.2 సెం.మీ., అంటే హెక్టారుకు 4.2 లక్షల లీటర్లు కిందికి దిగుతుంది. నియమానికి సరిపోయిన మట్టి కూడా ద్రవాన్ని పూర్తిగా ఆపదని గమనించండి. షీటు, లీచేట్‌ను తోడివేసే గొట్టాలు అవసరమయ్యేది ఇందుకే.

చెల్కలో ఇసుక పాలు ఎక్కువ కనుక అది ఒక్కటే ఈ ప్రమాణాన్ని అందుకోవడం కష్టం. అందుకే సోడియం బెంటోనైట్ కలుపుతారు. అది నీటిని పీల్చి ఉబ్బి, ఇసుక రేణువుల మధ్య ఖాళీలను పూడుస్తుంది. నల్లరేగడికీ ఉబ్బే గుణం ఉంది. అయితే ఎండితే నెర్రెలిస్తుంది. బెంటోనైట్ కలిపిన మట్టిని కూడా ఎండనివ్వకూడదు.

ఆచరణలో మూడు జాగ్రత్తలు తప్పనిసరి.

1. బెంటోనైట్ మట్టిలో సమంగా కలవాలి. కలవని చోటే ద్రవానికి దారి దొరుకుతుంది.

2. గరిష్ఠ సాంద్రతనిచ్చే తేమ కంటే కొంచెం ఎక్కువ తేమతో, పలుచని పొరలుగా రోలరుతో దట్టించాలి. అప్పుడే గడ్డలు నలిగి ఖాళీలు మూసుకుంటాయి.

3. పారగమ్యతను మంచినీటితోనే కాక, లీచేట్‌తోనూ పరీక్షించాలి. లీచేట్‌లోని కాల్షియం సోడియం స్థానాన్ని ఆక్రమిస్తే బెంటోనైట్ ఉబ్బే గుణం తగ్గుతుంది. నీటి పరీక్షలో నెగ్గిన మిశ్రమం లీచేట్ తగిలాక విఫలం కావచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లైనర్‌పై లీచేట్ 60 సెం.మీ. నిలిస్తే ఏడాదికి ఎంత లోతు ద్రవం దిగుతుంది?

జవాబు: జలప్రవణత 1.67, సుమారు 5.25 సెం.మీ.