ముట్టుకో, నాయనా!

"ముట్టుకోకురా, పగిలిపోతుంది!" అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో దిగింది మొదలు మనవడితో నేనంటున్న మాట ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియంలో మాత్రం అది చెల్లలేదు. అణుబాంబు శాస్త్రజ్ఞుడు ఓపెన్‌హైమర్ తమ్ముడు ఫ్రాంక్ 1969లో స్థాపించిన విజ్ఞానశాల అది. అక్కడి వస్తువులను పిల్లలు తిప్పి, లాగి, తడిమి చూడవలసిందే!

ఒకచోట మరుగుదొడ్డి పింగాణీ తొట్టినే మంచినీళ్ళ కుళాయిగా అమర్చారు. ఎన్నడూ వాడని తొట్టి. నీళ్ళూ శుభ్రమైనవే. ఆ సంగతి బుద్ధికి తెలుసు, మనసు ఒప్పుకోదే! మనవడు గటగట తాగేశాడు. మడీ ఆచారం గల మా ఆవిడ కాసేపు చూసి, కొంగు దోపుకుని తనూ వంగింది. నేను కదిలితే ఒట్టు.

"ఏమీ కాదు తాతయ్యా, తాగు!" అన్నాడు వాడు.

ఇన్నాళ్ళూ వాడికి జాగ్రత్త నేర్పుతున్నాననుకున్నాను. అందులో సగం నా భయమేనన్నమాట! కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాను.

మామూలు నీళ్ళేనండీ!