పాత కారుకు దొంగ భయం ఎందుకు ఎక్కువ?

పార్వతీపురంలో ఎవరింటి ముందైనా పాత అంబాసిడర్ కనిపిస్తే ఆగి చూడాలనిపిస్తుంది కదూ! 2014లోనే దాని తయారీ ఆగిపోయింది. ఇష్టపడి దాచుకున్నవాళ్ళకు ఒకటే బెంగ: దొంగలు ఎత్తుకుపోతే? కొత్త కార్లకు అంతగా లేని ఈ భయం దీనికెందుకు?

కిటుకంతా తాళంచెవిలో ఉంది. పాత కారులో తాళం తిప్పితే లోపల తీగలు కలుస్తాయి, అంతే. మీ ఇంట్లో లైటు స్విచ్చులాంటిదే అది. నొక్కింది అమ్మా, పక్కింటివాళ్ళా అని లైటు అడగదు, వెలుగుతుంది.

కొత్త కారు తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని రేడియో తరంగాలతో పలకరిస్తుంది. చిప్ సరైన రహస్య సంకేతం చెబితేనే ఇంజిన్ నడుస్తుంది.

మరి పాతదాన్ని కాపాడేదెలా? ఎవరికీ కనబడని చోట ఒక స్విచ్చు పెట్టిస్తారు. అది ఆపేస్తే పెట్రోలును మండించే నిప్పురవ్వ పుట్టదు. డీజిల్ బండికి రవ్వతో పనే లేదు. నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ మండుతుంది. వాలులో తోసినా స్టార్టవుతుంది! అందుకే డీజిల్ వెళ్ళే దారినే మూసేయాలి. స్టీరింగుకు ఇనప కడ్డీ తాళం వేస్తే బండి మలుపు తిరగదు.

ఇక కారులో పెట్టే జీపీఎస్ ట్రాకర్ ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో తెలుసుకుంటుంది. ఆ కబురు మనకు పంపాలంటే మాత్రం సెల్ సిగ్నల్ కావాలి. కొండల మధ్య సిగ్నల్ అందని చోట ట్రాకర్ మూగబోతుంది.

కాబట్టి ఏ ఒక్కదాన్నో నమ్ముకోకండి. మీ తాతయ్యకు పాత కారుంటే, రెండు మూడు కలిపి వాడమని చెప్పండి!