కోపం కళగా మారినప్పుడు



కోపం వద్దని పెద్దలు సుమతీ శతకం చదివించి మనకు చిన్నప్పుడే నేర్పారు. ఇంట్లో వచ్చే చిరాకుల విషయంలో అది మంచి మాటే. కాని తరతరాలుగా అవమానాలు భరించిన జనానికి కోపం వస్తే? అది తగలబెట్టడమే చేస్తుందా? దానితో ఏదైనా తయారుచెయ్యవచ్చునా? అమెరికాలోని నల్లజాతి కళాకారులు ఈ ప్రశ్నకు తమ పనితోనే జవాబు చెప్పారు. ఒక ఉదాహరణతో ఆ సంగతి చూద్దాం.

ముందుగా ఒక పిండి డబ్బా గురించి చెప్పుకోవాలి. అమెరికాలో మన అట్టు వంటి పాన్‌కేక్ అనే వంటకం ఉంది. దానికి కావలసిన పిండిని 1889లో మిస్సోరీ రాష్ట్రంలో ఒక కంపెనీ తయారుచేసింది. 'ఆంట్ జెమైమా', అంటే జెమైమా అత్త, అని దానికి పేరు. డబ్బా మీద తలగుడ్డ కట్టుకున్న నల్లజాతి వంటమనిషి బొమ్మ నవ్వుతూ ఉండేది. మనకు వరస కలిపి పిలవడం ఆప్యాయత. అక్కడ అలా కాదు. తెల్ల స్త్రీకి దక్కే 'శ్రీమతి' అన్న గౌరవం నల్ల స్త్రీకి దక్కకుండా వాడిన పిలుపు అది. 1865లో బానిసత్వం చట్టరీత్యా పోయినా, చాకిరి చేస్తూ సంతోషంగా నవ్వే ఆ బొమ్మ మాత్రం ఇంటింటి వంటగదిలో నిలిచిపోయింది.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన బెటీ సార్ అనే కళాకారిణి ఆగ్రహంతో రగిలిపోయారు. పిల్లల తల్లి కావడంతో ఊరేగింపులకు వెళ్లలేకపోయారు. పాత సామాన్ల సంతల్లో నల్లజాతివారిని వెక్కిరించే బొమ్మల్ని ఏరి తెచ్చేవారు. వాటిలో ఒక జెమైమా బొమ్మను తీసుకుని, 1972లో అడుగు ఎత్తున్న చిన్న పెట్టెలో అమర్చారు. ఒక చేత చీపురు, రెండో చేత తుపాకి. ముందు భాగంలో బ్లాక్ పవర్ ఉద్యమపు గుర్తయిన బిగించిన పిడికిలి. కాళ్ల దగ్గర, బానిసలు ఏరిన పత్తిని గుర్తుచేస్తూ దూది. వెనక వరసలు వరసలుగా పిండి డబ్బా మీది ముఖమే. ఆ పెట్టెకు 'జెమైమా విముక్తి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆమె ఆ బొమ్మను పగలగొట్టలేదు. చీపురును కూడా తీసివేయలేదు, ఎందుకంటే ఆ చాకిరి నిజం. దాని పక్కన తుపాకి పెట్టేసరికి, అదే నవ్వు చూసేవారిని భయపెట్టే నవ్వయింది.

అయితే కోపగించినవారందరి దారీ ఒకటి కాదు. కారా వాకర్ అనే యువకళాకారిణి బానిసత్వపు రోజుల దృశ్యాలను నల్లకాగితంతో కత్తిరించి చూపేవారు. అవమానకరమైన బొమ్మల్ని మళ్లీ చూపిస్తే తెల్లవారికి వినోదమే అవుతుందని బెటీ 1997లో ఎంతోమందికి ఉత్తరాలు రాశారు. వాకర్ ఆగలేదు. 2014లో న్యూయార్క్‌లో, మూతపడిన ఒక చక్కెర కర్మాగారంలో, 75 అడుగుల పొడవు, 35 అడుగుల ఎత్తున చక్కెర పూసిన స్త్రీ సింహాన్ని నిలబెట్టారు. దాని తలకూ జెమైమా తలగుడ్డే. చెరకు తోటల్లో, వంటగదుల్లో కూలి లేకుండా చాకిరి చేసినవారికి అది నివాళి. చూడవచ్చినవారిలో కొందరు దాని ముందు వెకిలిగా ఫోటోలు తీయించుకున్నారు. బెటీ భయం ఉత్తది కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

2020 మే నెలలో మినియాపొలిస్‌లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణించాక పెద్ద ఆందోళన రేగింది. జూన్‌లో కంపెనీ జెమైమా పేరును, బొమ్మను వదులుకుంటామని ప్రకటించింది. ఒక్క పెట్టె వల్లనే ఇది జరిగిందని అనలేం. కాని ఆ నవ్వు వెనక ఏముందో 48 ఏళ్ల ముందే చూపించింది ఆ పెట్టె.

ఆ 1972లోనే బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్ మొదలైన యువకవులు దళిత్ పాంథర్స్ సంస్థను స్థాపించారు. అమెరికాలోని బ్లాక్ పాంథర్ పార్టీని చూసి పెట్టుకున్న పేరది. మహారాష్ట్రలోని మన శ్రోతల్లో పెద్దవారికి ఆ రోజులు గుర్తుండవచ్చు. 1990 దశకంలో తెలుగులో వచ్చిన దళిత కవిత్వంలోనూ ఆ వేడి కనిపిస్తుంది.

కాబట్టి శ్రోతలారా, ఎవరి పాటలోనో, బొమ్మలోనో కోపం కనిపిస్తే వెంటనే ముఖం తిప్పుకోకండి. ఆ కోపం దేన్ని గురించో ఒక్క క్షణం ఆగి తెలుసుకోండి. సెలవు.